పాత ట్రాక్టర్‌కి ఆయిల్, కూలెంట్: ఎక్కడ ఖర్చు పెట్టాలి, ఎక్కడ అక్కర్లేదు

ఆయిల్ షాపు దగ్గర ట్రాక్టర్ వాళ్ళ వాదనంతా ఇంజన్ ఆయిల్ మీదే నడుస్తుంది. సర్వో మంచిదా, క్యాస్ట్రాల్ మంచిదా, 15డబ్ల్యూ పోయాలా, 20డబ్ల్యూ పోయాలా అని. వెనక హౌసింగ్‌లో, అంటే గేర్లు, లిఫ్ట్ ఉండే పెట్టెలో ఏం పోశారంటే మాత్రం "గేర్ ఆయిలే" అంటారు. రేడియేటర్‌లో ఏముందంటే "నీళ్ళే". నా ఉద్దేశంలో ఇది తలకిందుల లెక్క. పాత బండికి ఇంజన్ ఆయిల్ ఎంచుకోవడం అన్నిటికన్నా తేలిక. కాస్త అటూ ఇటూ అయినా ఇంజన్ ఓర్చుకుంటుంది. హౌసింగ్‌లో పొరపాటు ఆయిల్ పోసినా, రేడియేటర్‌లో ఏళ్ళ తరబడి బోరు నీళ్ళు పోసినా బండి విప్పాల్సిన పరిస్థితి వస్తుంది.

పాత బండి అంటే ఇక్కడ 2010కి ముందు కొన్నవి, 30 నుంచి 50 హెచ్‌పీ లోపువి: మహీంద్రా 275, 575, మాస్సీ 1035, స్వరాజ్ 735, ఫోర్డ్ 3600, హెచ్‌ఎంటీ, ఐషర్ లాంటివి. కంప్యూటర్‌తో నడిచే కామన్ రైల్ డీజిల్ ఇంజెక్షన్ ఉండదు, పొగ గొట్టంలో ఫిల్టర్ ఉండదు. కంపెనీ ఇచ్చిన బుక్కు మీ దగ్గరుంటే దాని మాటే చెల్లుతుంది. బుక్కు పోయినవాళ్ళకీ, అందులో రాసిన గ్రేడు ఇప్పుడు దొరకనివాళ్ళకీ ఈ వ్యాసం. హెచ్‌ఎంటీ ట్రాక్టర్ల విభాగాన్ని మూసేయాలని 2016లో కేంద్రం నిర్ణయించింది కాబట్టి, ఆ బండి ఉన్నవాళ్ళకి కంపెనీ షోరూమ్‌కి వెళ్ళి అడిగే దారి కూడా లేదు.

ఇంజన్ ఆయిల్

డబ్బా మీద చూడాల్సినవి రెండే. ఒకటి 15డబ్ల్యూ-40 లాంటి చిక్కదనం నంబరు, రెండోది ఆయిల్ నాణ్యతని చెప్పే ఏపీఐ గ్రేడు.

15డబ్ల్యూ, 20డబ్ల్యూ అనేవి చలిలో ఆయిల్ ఎంత తేలిగ్గా కదులుతుందో చెప్పే నంబర్లు. 15డబ్ల్యూని మైనస్ 20 డిగ్రీల దగ్గర, 20డబ్ల్యూని మైనస్ 15 దగ్గర పరీక్షిస్తారు. ఆదిలాబాద్‌లో డిసెంబరు తెల్లవారుజామున కూడా అంత చలి ఉండదు. కాబట్టి మన దగ్గర ఈ రెండింటి తేడా గురించి టెన్షన్ పడక్కర్లేదు. వేడెక్కాక ఆయిల్ ఎంత చిక్కగా నిలుస్తుందో చెప్పేది వెనకున్న 40. అది రెండింట్లోనూ ఒకటే. డబ్ల్యూ లేని ఉత్త 40 ఆయిల్ కూడా వేడి మీద అంతే. కాకపోతే పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు పైన రాకర్ల దాకా చేరడానికి ఎక్కువ సమయం తీసుకుంటుంది. ఆ కాలపు ఇంజన్లు దాంతోనే బతికాయి. ఇప్పుడు మల్టీగ్రేడ్ ప్రతి ఊళ్ళో దొరుకుతుంటే దాని కోసం వెతికి మరీ కొనే అవసరం లేదు.

20డబ్ల్యూ-40 కొనేటప్పుడు ఒక్క జాగ్రత్త. బైకులకి పోసే ఆయిల్ కూడా ఇదే నంబరుతో అదే షెల్ఫులో ఉంటుంది. డబ్బా వెనక ఏపీఐ గ్రేడు చూడండి. ఎస్‌తో మొదలై ఎస్‌ఎల్, ఎస్‌ఎన్ అని మాత్రమే ఉంటే అది పెట్రోలు బండిది. డీజిల్‌కి సీతో మొదలవ్వాలి: సీఎఫ్-4, సీఐ-4, సీఐ-4 ప్లస్, సీకే-4. డీజిల్ మసిని ముద్ద కట్టకుండా ఆయిల్‌లో తేలించి ఉంచే గుణం ఈ సీ వరుసలోనే ఎక్కువ. కొత్త ఆయిల్ పోసిన వారానికే నల్లబడిందని కంగారు పడేవాళ్ళున్నారు. నల్లబడిందంటే మసిని తనలోకి తీసుకుంటోందనే, అది దాని పనే.

వీటిలో నా ఓటు పేరున్న కంపెనీ 15డబ్ల్యూ-40 సీఐ-4 ప్లస్‌కి. లారీలు, జేసీబీలు వాడేది కావడంతో ఎక్కడపడితే అక్కడ దొరుకుతుంది, నకిలీ కాని సరుకు వెతుక్కోవడమూ తేలిక. సీకే-4 ఇంకా మంచి ఆయిలే. అయితే అందులో బూడిద తక్కువ ఉండేలా చేసింది పొగ గొట్టంలో ఫిల్టర్ ఉన్న కొత్త ఇంజన్ల కోసం. మీ బండికి ఆ ఫిల్టరే లేదు. ధర ఒకటే అయితే సీకే-4 తీసుకోండి, ఎక్కువైతే అక్కర్లేదు. ఫుల్లీ సింథటిక్ ఖర్చు ఈ ఇంజన్లకి దండగ. ఎఫ్‌ఏ-4 అని రాసి ఉన్న పల్చటి ఆయిల్‌ని మాత్రం పాత ఇంజన్లో అసలు పోయొద్దు.

ఆయిల్ తాగుతున్న ఇంజన్‌కి 20డబ్ల్యూ-50 పొయ్యమని మెకానిక్ చెబుతాడు. పొగ తగ్గుతుంది, ప్రెజర్ లైటు ఆరుతుంది, ఒకటి రెండు సీజన్లు గడుస్తాయి. ఇంజన్ బోరు పని చేయించడానికి డబ్బు కూడే వరకు అది సరైన ఉపాయమే. బాగున్న ఇంజన్‌కి "చిక్కగా ఉంటే బలం" అని పోస్తే డీజిల్ ఎక్కువ తాగుతుంది, పొద్దున బేరింగులకి ఆయిల్ ఆలస్యంగా అందుతుంది.

మార్చాల్సిన గంటల గురించి కూడా చెప్పుకోవాలి. "వంద గంటలకి మార్చాలి" అనే పాత అలవాటు ఊరికే రాలేదు. అప్పటి డీజిల్‌లో గంధకం ఎక్కువ. అది కాలినప్పుడు యాసిడ్ తయారై ఆయిల్‌ని పాడుచేసేది. 2010లో వచ్చిన బీఎస్-3 డీజిల్‌లో గంధకం పది లక్షల పాళ్ళకి 350 దాకా ఉండొచ్చు. 2017లో బీఎస్-4తో దేశమంతా 50కి, 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6తో 10కి తగ్గింది. ఇప్పుడు మీ పాత ఇంజన్ తాగుతున్నది ఈ శుభ్రమైన డీజిలే కాబట్టి, సీఐ-4 ప్లస్‌తో 200 నుంచి 250 గంటలు వెళ్ళొచ్చు. 400, 500 గంటలని చెప్పి అమ్మే ఆయిల్‌ని నమ్ముకుని పాత ఇంజన్‌ని అంత దూరం తోలడం మాత్రం నాకు ఇష్టం లేదు. ఆయిల్‌లో మందులు అయిపోకముందే దుమ్ము, మసి, కారిన డీజిల్ దాన్ని పాడుచేస్తాయి. డిప్‌స్టిక్ మీద ఆయిల్ మట్టం పెరుగుతోందంటే సంతోషించకండి. డీజిల్ పంపు డయాఫ్రం చిరిగి ఇంజన్ ఆయిల్ సంపులోకి డీజిల్ దిగుతుండొచ్చు. అప్పుడు ఎంత ఖరీదైన ఆయిలూ నిలవదు.

గంటల మీటరు పనిచేయని బళ్ళే ఎక్కువ. వాటికి డీజిల్ లెక్క వేసుకోవచ్చు. ఈ హెచ్‌పీ బండి దుక్కిలో గంటకి 3 నుంచి 5 లీటర్లు తాగుతుంది. అంటే సుమారు 900, 1000 లీటర్ల డీజిల్‌కి ఒకసారి ఆయిల్, దాంతోపాటు ఫిల్టరూ మార్చాలి. పాత ఫిల్టరే ఉంచి కొత్త ఆయిల్ పోయడం కన్నా ఒక గ్రేడు తక్కువ ఆయిల్ పోసి కొత్త ఫిల్టర్ వేయడం నయం. ఇన్నాళ్ళూ లూజు ఆయిల్‌తో నడిచిన బండికి మంచి ఆయిల్ పోస్తే లోపల పేరుకున్న జిగట కదులుతుంది. ఆ మొదటి ఆయిల్‌నీ, ఫిల్టర్‌నీ 50, 60 గంటలకే మార్చేయండి.

వెనక హౌసింగ్: అసలు ఎంపిక ఇక్కడ

ఇంజన్‌కి ఆరేడు లీటర్లు పడితే వెనక హౌసింగ్‌కి మోడల్‌ని బట్టి 20 నుంచి 50 లీటర్లు పడుతుంది. చాలా బళ్ళలో గేర్లు, డిఫరెన్షియల్, హైడ్రాలిక్ లిఫ్ట్ అన్నీ ఆ ఒక్క ఆయిల్‌తోనే బతుకుతాయి. అందుకే ఏం పోయాలో తేల్చుకునే ముందు రెండు ప్రశ్నలకి జవాబు తెలియాలి.

మొదటిది, బ్రేకులు పొడివా, ఆయిల్‌లో మునిగినవా? పాత బళ్ళలో ఎక్కువగా ఉండేవి పొడి బ్రేకులు. తర్వాత ఆయిల్ బ్రేకులు వచ్చాయి. ఒకే మోడల్ పేరు మీద రెండు రకాలూ వచ్చాయి కాబట్టి పేరు చూసి తేల్చకండి, మెకానిక్‌తో చూపించండి. రెండోది, లిఫ్ట్ పంపు హౌసింగ్ ఆయిల్‌నే పీల్చుకుంటుందా, దానికి వేరే ట్యాంకు ఉందా?

బ్రేకులు ఆయిల్‌లో మునిగి ఉంటే చర్చే లేదు. యూటీటీఓ అని రాసి ఉండే ట్రాక్టర్ ట్రాన్స్‌మిషన్ ఆయిల్ పోయాల్సిందే. ఆ ఆయిల్‌లో బ్రేకు ప్లేట్లు మరీ జారకుండా, మరీ పట్టేసి అదరకుండా చేసే మందు కలుపుతారు. అక్కడ చవకగా వస్తుందని ఈపీ-90 గేర్ ఆయిల్ పోస్తే బ్రేకు తొక్కినప్పుడు గుర్రుమని అరుస్తుంది, ట్రాలీ లోడుతో దిగుడులో జారుతుంది. లోడు ట్రాలీ వెనక ఉన్నప్పుడు అది ప్రాణాల మీదకి తెచ్చే సంగతి. లీటరుకి మిగిలే డబ్బు కోసం చూసుకోవద్దు.

బ్రేకులు పొడివైతే మూడు దారులున్నాయి, ఆలోచించాల్సిందీ ఇక్కడే.

80డబ్ల్యూ-90 లేదా 90 గేర్ ఆయిల్, జీఎల్-4 గ్రేడు. పాత గేరుబాక్సులకి దీనికి మించింది లేదు. ధర తక్కువ, చిక్కగా ఉండటంతో అరిగిన సీళ్ళ నుంచి త్వరగా కారదు, గేరు రొదా తగ్గుతుంది. అయితే షాపులో "90 ఆయిల్ ఇవ్వు" అంటే ఇచ్చేది చాలాసార్లు జీఎల్-5. అది లారీ వెనక యాక్సిల్ కోసం చేసింది. అందులో ఎక్కువగా ఉండే గంధకం మందు పాత రకం ఫార్ములాల్లో రాగి, ఇత్తడి, కంచు బుష్‌లని తినేస్తుంది. లోపల కంచు బుష్‌లున్న పాత గేరుబాక్సుకి జీఎల్-4 అనే అక్షరాలు చూసి అడిగి తీసుకోండి.

రెండో దారి పొడి బ్రేకుల బండికీ యూటీటీఓ పోయడం. లిఫ్ట్ పంపు హౌసింగ్ ఆయిల్‌నే వాడుకునే బళ్ళకి ఇది బాగానే ఉంటుంది. లిఫ్ట్ చురుగ్గా లేస్తుంది, రోటావేటర్‌తో రోజంతా దించి ఎత్తే పనికి హాయి. ఇబ్బందల్లా ఇది పల్చన. 90కి అలవాటు పడిన పాత సీళ్ళ నుంచి దారి వెతుక్కుంటుంది. యాక్సిల్ సీలు దాటి పొడి బ్రేకు ప్లేట్ల మీదకి చేరిందంటే ఒక పక్క బ్రేకు పోయినట్టే. సీళ్ళు కొత్తగా వేయించినప్పుడే యూటీటీఓకి మారాలంటాను.

మూడోది 140 ఆయిల్. కారుతోందని, గేరు అరుస్తోందని దీన్ని పోస్తారు. లిఫ్ట్‌కి వేరే ట్యాంకు ఉంటే నెట్టుకురావచ్చు. పంపు ఇదే ఆయిల్‌ని పీల్చే బండిలో మాత్రం పొద్దున్నే లిఫ్ట్ లేవనని మొరాయిస్తుంది, పంపు ఎండి అరుగుతుంది. నేనైతే ఈ దారి పట్టను.

లిఫ్ట్ నెమ్మదించగానే ఆయిల్ మార్చేయకండి. పంపు ముందుండే జాలీ మూసుకుపోయిందేమో ముందు చూడండి.

దమ్ము చేసే బళ్ళ సంగతి వేరుగా చెప్పాలి. డెల్టాలో సార్వాకి, దాళ్వాకి కేజ్ వీల్స్ వేసి నీళ్ళలో తిరిగే బండి హౌసింగ్‌లోకి సీళ్ళ నుంచి, గాలి పోయే బ్రీదర్ నుంచి నీళ్ళు దిగుతాయి. ఆయిల్ మజ్జిగలా తెల్లబడటం అందరూ చూసిందే. అలాంటి బండికి దమ్ముకి ముందు ఖరీదైన ఆయిల్ నింపడం నీళ్ళలో పోసినట్టే. సీళ్ళు సందేహంగా ఉంటే ముందు సీళ్ళు మార్పించండి, లేకపోతే ఉన్న ఆయిల్‌తోనే సీజన్ నడిపి, దమ్ములు అయ్యాక మార్చండి. మధ్యలో వారానికోసారి ఒక పని చేయొచ్చు. రాత్రంతా బండిని కదపకుండా ఉంచి, పొద్దున్నే స్టార్ట్ చేయకముందే కింది డ్రెయిన్ బోల్టు కొంచెం వదులు చేయాలి. అడుగున చేరిన నీళ్ళు ముందు వస్తాయి, ఆయిల్ రాగానే బిగించేయాలి. ఆయిల్ మొత్తం తెల్లగా కలిసిపోయి ఉంటే ఈ ఉపాయం పనిచేయదు, మార్చాల్సిందే. తెల్లబడిన ఆయిల్‌తో బేరింగులు తుప్పు పడతాయి. అదే తెలుపు ఇంజన్ డిప్‌స్టిక్ మీద కనబడితే దానికీ దమ్ముకీ సంబంధం లేదు, అది హెడ్ గ్యాస్కెట్టో లైనర్ రింగో పోయి రేడియేటర్ నీళ్ళు ఆయిల్‌లో కలుస్తున్నట్టు. వెంటనే బండి ఆపాలి.

మెట్ట పొలాల్లో, ట్రాలీ కిరాయిలకి తిరిగే బండికి ఈ బాధ లేదు. అక్కడ హౌసింగ్ ఆయిల్ ఏడాదికోసారి లేదా 1000 గంటలకి మారిస్తే చాలు.

రేడియేటర్: నీళ్ళా, కూలెంటా

"మనకి గడ్డకట్టే చలి లేదు, కూలెంట్ ఎందుకు" అనేది సగం నిజం. చలి కోసం మనకి కూలెంట్ అక్కర్లేదు. వేడిని మోసుకెళ్ళడంలో కూడా ఉత్త నీళ్ళే మేలు, కూలెంట్‌లో ఉండే గ్లైకాల్ అనే ద్రవం కలిపేకొద్దీ ఆ శక్తి కొంత తగ్గుతుంది. కూలెంట్ పోయమనేది అందులోని తుప్పు పట్టనివ్వని మందు కోసం. ఏళ్ళ తరబడి బోరు నీళ్ళు పోసిన ఇంజన్ హెడ్ విప్పితే నీటి దారుల్లో గట్టి సున్నం పొర కనబడుతుంది. ఆ పొర వేడిని బయటికి పోనివ్వదు. సముద్రం దగ్గరి ఊళ్ళ ఉప్పు బోరు అయితే లోహానికి గుంటలు పెడుతుంది.

లైనర్ (పిస్టన్ ఆడే గొట్టం) చుట్టూ నీళ్ళు నేరుగా తగిలే ఇంజన్లకి, అంటే వెట్ లైనర్ ఇంజన్లకి ఇంకో ముప్పు ఉంది. పిస్టన్ కొట్టుడికి లైనర్ అదురుతుంది. ఆ అదురుకి బయటి వైపు నీళ్ళలో సన్నటి బుడగలు పుట్టి అక్కడే పేలుతుంటాయి. ఆ పేలుడు కొన్నేళ్ళలో లైనర్‌కి సూది బెజ్జాలు పెడుతుంది. హెవీ డ్యూటీ డీజిల్ కూలెంట్లలో ఉండే నైట్రైట్ లాంటి మందులు లైనర్ మీద పొరలా ఏర్పడి దీన్ని అడ్డుకుంటాయి. కాబట్టి వెట్ లైనర్ బండికి కారు కూలెంట్ కాకుండా హెవీ డ్యూటీ డీజిల్ కూలెంట్ తీసుకోండి. డబ్బా మీద ఏఎస్‌టీఎం డీ 6210 అని ఉంటే అదే.

రంగు చూసి కొనకండి. పచ్చ, ఎరుపు, నీలం కంపెనీ ఇష్టం. చూడాల్సింది రకం. పాత పద్ధతి కూలెంట్‌ని రెండేళ్ళకోసారి మార్చాలి. ఓఏటీ (ఆర్గానిక్ యాసిడ్) రకం అయిదేళ్ళ దాకా వస్తుందంటారు, ధర ఎక్కువ. టాంకం పెట్టిన రాగి, ఇత్తడి రేడియేటర్ ఉన్న పాత బండికి పాత పద్ధతిదే నా సలహా. ఓఏటీల్లో కొన్ని ఆ టాంకాన్ని అంత బాగా కాపాడవు. పైగా ఎక్కడో ఒకచోట కారుతూనే ఉండే బండికి అయిదేళ్ళ కూలెంట్ ఎందుకు? రెండు రకాలూ కలపొద్దు.

కాన్‌సన్‌ట్రేట్ డబ్బా కొంటే మన ఎండలకి ఒక పాలు కూలెంట్, రెండు పాళ్ళు నీళ్ళు సరిపోతుంది. అంతకన్నా పల్చన చేస్తే తుప్పు మందు చాలదు. రెడీ మిక్స్ డబ్బాలో నీళ్ళు కలపకూడదు. కలిపే నీళ్ళు బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటర్ అయితే శ్రేష్ఠం, ఊళ్ళో ఆర్వో ప్లాంటు నీళ్ళూ పనికొస్తాయి. కూలెంట్ కొనే స్తోమత ఈ ఏడాది లేకపోతే కనీసం బోరు నీళ్ళు మానేయండి.

నీళ్ళ నుంచి కూలెంట్‌కి మారేటప్పుడు రేడియేటర్ కాక్ ఒక్కటే తిప్పితే పాత నీళ్ళలో చాలా భాగం బ్లాకులోనే ఉండిపోతుంది. బ్లాకు పక్కన ఇంకో కాక్ ఉంటుంది, తుప్పుతో మూసుకుపోయి ఉంటుంది, తీగతో పొడిచి తెరవాలి. శుభ్రమైన నీళ్ళు వచ్చేదాకా కడగండి. తుప్పు మూసి ఉంచిన చోట్ల కొత్తగా కారడం మొదలవ్వొచ్చు. అది కూలెంట్ తప్పు కాదు, ఎప్పుడో మార్చాల్సిన హోస్ అది.

బండి వేడెక్కుతోందని కూలెంట్ కొనేవాళ్ళు ముందు వేరేవి చూసుకోవాలి. రేడియేటర్ రెక్కల్లో ఊక, పొట్టు, వదులైన ఫ్యాను బెల్టు, చచ్చిపోయిన మూత. మూతకి సీలింగ్ బాగుండి 7 పౌండ్ల ప్రెజర్ పట్టిందంటే ఉత్త నీళ్ళు కూడా 110 డిగ్రీల దాకా మరగవు. మూత పోతే 100కే మరిగి బయటికి కక్కుతాయి. ఇంజన్ వేడెక్కేదాకా నీళ్ళని రేడియేటర్‌కి పోనివ్వని థర్మోస్టాట్ వాల్వుని కొందరు మెకానిక్‌లు తీసి పారేస్తారు. తేలిక పనిలో ఇంజన్ సరిగ్గా వేడెక్కక మసి, అరుగుదల ఎక్కువవుతాయి. కొన్ని ఇంజన్లలో నీళ్ళు రేడియేటర్‌కి వెళ్ళకుండా అడ్డదారిన తిరిగి వేడి ఇంకా పెరుగుతుంది. కొత్త వాల్వు వేయించండి.

పాత ఐషర్లలో కొన్నిటివి గాలితో చల్లబడే ఇంజన్లు. వాటికి కూలెంట్ గొడవ లేదు, సిలిండర్ రెక్కల మీద మట్టి తీస్తే చాలు.

కూలెంట్ తియ్యగా ఉంటుంది, విషం. తీసిన కూలెంట్‌ని దొడ్లో పళ్ళెంలో వదిలేస్తే కుక్కలు, దూడలు తాగి చస్తాయి. మూత ఉన్న డబ్బాలో పోసి అందకుండా పెట్టండి.

చిన్న చిన్నవి

ఆయిల్ బాత్ ఎయిర్ క్లీనర్‌లో తీసేసిన పాత ఇంజన్ ఆయిల్ పోస్తుంటారు. మసితో చిక్కబడ్డ ఆ ఆయిల్ దుమ్ముని సరిగా పట్టదు. కొత్త ఇంజన్ ఆయిల్‌నే గీత వరకు పోయండి. గీత దాటితే ఇంజన్ దాన్ని పీల్చుకుని, ఆపినా ఆగకుండా పరుగెత్తే ప్రమాదం ఉంది. వేసవి దుక్కుల్లో, రోటావేటర్ దుమ్ములో రోజూ గిన్నె విప్పి చూడాలి.

వరస (ఇన్‌లైన్) పంపు ఉన్న కొన్ని బళ్ళలో డీజిల్ పంపుకి సొంత ఆయిల్ ఉంటుంది. దాని పక్కన చిన్న లెవెల్ బోల్టు ఉందేమో చూసి, ఇంజన్‌కి పోసే ఆయిలే పోయండి. రోటరీ పంపుకి ఈ అవసరం లేదు, దానికి డీజిలే ఆయిల్. మామూలు స్టీరింగ్ బాక్సుకి 90 చాలు. పవర్ స్టీరింగ్ తర్వాత పెట్టించుకున్న బండి అయితే, ఆ కిట్టు వాడు చెప్పిన హైడ్రాలిక్ ఆయిలే.

డబ్బు ఒక్కసారి సర్దలేకపోతే నా వరస ఇది. ముందు యాక్సిల్ సీళ్ళు, తర్వాత బ్రేకుకి తగ్గ హౌసింగ్ ఆయిల్, ఆపైన రేడియేటర్ కడిగించి కూలెంట్. ఇంజన్‌కి ఈలోగా మామూలు 20డబ్ల్యూ-40 డీజిల్ ఆయిల్ పోసి, ఫిల్టర్ మార్చుకుంటూ నడిపించొచ్చు. ఏది కొన్నా సీలు చూసి, బిల్లుతో కొనండి. ఖాళీ డబ్బాని పాత సామాన్ల వాడికి వేసే ముందు మేకుతో చిల్లు కొట్టండి, లేకపోతే ఆ డబ్బాలోనే లూజు ఆయిల్ నింపి ఇంకొకరికి అమ్ముతారు.